మూడు గంటల చెయ్యి

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో ఇరవై ఆరేళ్ళు సాన ముందు కూర్చున్న మనిషికి సొంత పేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందరూ అతన్ని సానాయన అనే పిలిచేవారు. ముందుగదిలో యజమాని నవ్వుతూ ఫ్రేములు చూపిస్తుంటే, వెనకగదిలో ఇతను గుండ్రటి అద్దాన్ని తిరిగే రాయికి ఆనించి ఫ్రేము ఆకారానికి అరగదీసేవాడు. రాయి మీద సన్నగా నీళ్ళు కారుతూ ఉండాలి, లేకపోతే అద్దం వేడెక్కి చిట్లుతుంది. అరిగిన పొడి నీళ్ళతో కలిసి తెల్లటి బురదై చేతులకు అంటుకునేది. ఎంత రుద్దినా ఆ బురద ఆదివారం ఆరాధన వేళకి కూడా గోళ్ళ సందుల్లోంచి పూర్తిగా వదిలేది కాదు.

మనిషి మంచివాడే. కాకపోతే తను మంచివాడినన్న సంగతి తనకి కాస్త ఎక్కువగా తెలుసు. ఈ కథలో వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

వాళ్ళ సంఘంలో గొలుసు ప్రార్థన ఉండేది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు, పన్నెండుమంది, ఒక్కొక్కరికి ఒక గంట. అందుకోసం మందిరం పక్కన చిన్న గది ఒకటి కట్టారు. లోపల ఒక చాప, గంటలు కొట్టే పాత గడియారం, రోగుల పేర్లూ ఉద్యోగం లేనివాళ్ళ పేర్లూ రాసిన కాగితం, అంతే. గోడవైపు తిరిగి మోకరించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవాలి. గంట పూర్తి కాగానే తర్వాతి మనిషి వచ్చి, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి "నేనొచ్చాను" అనాలి. ఆ మాట విన్నాకే మొదటి మనిషి లేవాలి. లేచి, తల తిప్పి ముఖం చూడకుండా, పలకరించకుండా బయటికి వెళ్ళిపోవాలి. మొదట్లో ఈ కట్టుబాటు లేదట. అప్పట్లో ఒకరొచ్చి ఇంకొకరు వెళ్ళేలోపు పావుగంట కబుర్లయ్యేవి. ఎవరి పిల్లలకి ఎన్ని మార్కులొచ్చాయో తేలేసరికి ప్రార్థన కాస్తా గాలికి పోయేది. అందుకని పెద్దవాళ్ళు కూర్చుని ఈ నియమం పెట్టారు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా సానాయనది. కడుపు నిండి కళ్ళు మూతలుపడే ఆ వేళ ఎవరికీ అక్కర్లేదు. సానాయన తన భోజన విరామాన్ని దానికి ఇచ్చేశాడు. పదకొండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. జ్వరంతో వెళ్ళాడు, వీధిలో మోకాలి లోతు వాననీళ్ళు నిలిచినప్పుడు పంట్లాం పైకి మడుచుకుని వెళ్ళాడు. ప్రసంగంలో క్రమశిక్షణ మాట వచ్చినప్పుడల్లా పాస్టరు గారు "మన సానాయన్ని చూసి గడియారం సరిచేసుకోవచ్చు" అనేవారు. సానాయన తలొంచుకునేవాడు. తలొంచుకుంటూనే ఎవరెవరు విన్నారో ఓరకంట చూసుకునేవాడు.

ఆ గదిలో అతను ఏం చేసేవాడన్నది మాత్రం దేవుడికీ అతనికీ మాత్రమే తెలిసిన సంగతి. మొదటి నాలుగేళ్ళు నిజంగానే ప్రార్థించాడు. తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేం, లోపల ఊట ఎండిపోయింది. పేర్లు చదివేవాడు, పెదవులు కదిపేవాడు, మనసు మాత్రం షాపులో మిగిలిపోయిన అద్దాల మీద ఉండేది. అయినా మానలేదు. మానకపోవడమే భక్తి అనుకున్నాడు. అందులో సగం నిజం కూడా ఉంది.

మూడు నుంచి నాలుగు దాకా మిషనత్తయ్యది. వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే ముసలావిడ. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిణ్ణి అత్తయ్యా అనే పిలిచేవారు, ఆవిడ కూడా అభ్యంతరం చెప్పేది కాదు. గడియారం మూడు కొట్టేసరికి సానాయన కుడిభుజం మీద చెయ్యి పడేది. సూదిపోట్లకి గరుకెక్కిన వేళ్ళు. "నేనొచ్చాను" అనేది, ఇక నువ్వు లేచి పనిచూసుకో అన్నట్టు. పదకొండేళ్ళుగా రోజూ తనని తాకిన ఆ చేతిని అతను ఆ గదిలో ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. ఆవిడ తర్వాత, నాలుగు నుంచి ఐదు దాకా కాంపౌండరు గారిది. ఆస్పత్రి ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఆయనకి ఆ పేరు పోలేదు.

ఒకరోజు షాపులో ఒక టీచరమ్మ మూడున్నరకల్లా కళ్ళజోడు తీసుకుని బస్సెక్కాలంది. యజమాని రెండుసార్లు హెచ్చరించి మరీ పంపాడు. సానాయన గదిలో మోకరించాడే కానీ ప్రాణమంతా గడియారం మీదే ఉంది. మూడు కొట్టింది. భుజం మీద చెయ్యి పడింది. మాట రాలేదు. ఒక ఊపిరి తీసేంత సేపు ఆగాడు. ఇంకో ఊపిరి. వెనక గొంతులో ఏదో గరగరమంది, అది మాట కాదు. చెయ్యి మామూలుకంటే బరువుగా ఆనింది. ఎండన పడి వచ్చింది కదా, ఆయాసంగా ఉందేమో అనుకున్నాడు. అనుకుని లేచాడు. తల తిప్పకుండా, పలకరించకుండా, ఆ నియమం మాత్రం తప్పకుండా పాటించి బయటికి నడిచాడు. టీచరమ్మకి కళ్ళజోడు సమయానికి అందింది.

ఆ రోజు కాంపౌండరు గారు పన్ను పీకించుకుని, దవడ పట్టుకుని ఇంట్లో పడుకున్నారు. రాలేనని కబురు పంపడం మరిచిపోయారు. ఐదింటికి వచ్చిన మనిషి భుజం మీద చెయ్యి వేసి "నేనొచ్చాను" అంటే, గోడకి తల ఆనించి మోకరించి ఉన్న మిషనత్తయ్య లేవలేదు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు ఆస్పత్రిలో. "మూడింటికే తెచ్చి ఉంటే ఏమైనా చూసేవాళ్ళం" అని డాక్టరు ఎవరితోనో అంటుంటే సానాయన విన్నాడు.

అప్పుడే మిషనత్తయ్య కూతురు వరండాలో అతని చెయ్యి పట్టుకుంది. తల్లీకూతుళ్ళు ఒకే కొట్లో ఎదురెదురుగా మిషన్లు వేసుకుని కుట్టేవారు. ఆవిడకి ఈ అమ్మాయి, ఈ అమ్మాయికి ఆవిడ, వేరే దిక్కు లేదు.

"అన్నయ్యా, అమ్మని చివరిసారి కలిసింది నువ్వే కదా. ఏమైనా అందా?"

ఉన్నమాట చెప్పేయొచ్చు. చుట్టూ పదిహేనుమంది సంఘస్థులు ఉన్నారు, పాస్టరు గారు ఉన్నారు. ఆ పదిహేనుమంది ముఖాలూ ఒకసారి చూశాడు.

"ఎప్పట్లాగే అందమ్మా. 'నేనొచ్చాను' అంది."

అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు సమాధి దగ్గర ఆ ఒక్కమాట మీద అరగంట ప్రసంగించారు. ప్రభువు సన్నిధిలో మోకరించి "నేనొచ్చాను" అని కన్నుమూసిన ధన్యురాలు అన్నారు. కూతురు అంత దుఃఖంలోనూ ఆ మాట విని తలాడించింది. సానాయన ముందువరసలో నిలబడి చెప్పుల వైపు చూసుకున్నాడు. నోరు జారిన అబద్ధం ఒక్కరోజులో ప్రసంగమై కూర్చుంది, ఇక వెనక్కి తీసుకోవడం ఎలాగో అతనికి తెలియలేదు.

మూడింటి గంట ఖాళీ అయింది. ఎవరు తీసుకుంటారని పాస్టరు గారు అడిగితే, అందరికంటే ముందు సానాయన చెయ్యెత్తాడు. ఉదయం గంట ముందే వచ్చి పనిచేస్తానని యజమానిని బతిమాలుకున్నాడు. "రెండు గంటలు! ఏం పట్టుదల బ్రదర్!" అని సంఘమంతా మెచ్చుకుంది. లోపలి బరువుని మోకాళ్ళతో తీర్చేద్దామని అతని లెక్క.

సమాధి అయిన మూడో రోజు రెండింటికి మోకరించాడు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి, సందుల్లోంచి ఎండ చారలుగా చాప మీద పడుతోంది. బయట వీధిలో సైకిలు బెల్లులు, ఎవరో మంచం కోళ్ళు సరిచేస్తున్న సుత్తి చప్పుడు. మూడు కొట్టింది. మూడో గంట మోత ఇంకా గాలిలో ఉండగానే కుడిభుజం మీద చెయ్యి పడింది.

కాంపౌండరు గారు పొరపాటున గంట ముందు వచ్చారేమో అనుకున్నాడు. మాట కోసం ఆగాడు. మాట రాలేదు. తలుపు తీసిన చప్పుడు తను వినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ తలుపు కిర్రుమనకుండా తెరుచుకోదు. చొక్కా గుడ్డలోంచి ఐదువేళ్ళూ విడివిడిగా తెలుస్తున్నాయి. చూపుడువేలు కొస గరుకుగా ఉంది.

సానాయన లేవలేదు. ధైర్యంతో కాదు, కాళ్ళు రాక. మాట వినేదాకా లేవకూడదన్న నియమాన్ని అతను మొట్టమొదటిసారి భయంతో పాటించాడు. నాలుగింటికి తలుపు కిర్రుమంది. కాంపౌండరు గారి వెచ్చటి చెయ్యి అదే భుజం మీద పడి "నేనొచ్చాను" వినబడేసరికి, ముందటి చెయ్యి ఎప్పుడు తొలగిందో తెలియలేదు. బయటికొచ్చి కొళాయి కింద తల పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు మళ్ళీ మూడింటికి పడింది. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు ధైర్యం కూడదీసుకుని తల తిప్పి చూశాడు. గదిలో ఎవరూ లేరు. చాప, ఎండ చారలు, మూసిన తలుపు. చూస్తూ ఉన్నా భుజం మీద బరువు అలాగే ఉంది. కంటికి కనిపించని దాన్ని చూడకపోవడమే మేలని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

వారం గడిచాక భార్య అతని చొక్కా ఉతకబోతూ పైకెత్తి చూపించింది.

"ఏమండీ, మీరు ప్రార్థనకి వెళ్తున్నారా, బట్టలు కుట్టించుకోవడానికి వెళ్తున్నారా?"

"ఏమైంది?"

"భుజం మీద ఈ నీలం మరకలేంటి? దర్జీల సుద్దలా ఉంది. నాలుగు చొక్కాలకీ ఇదే వరస. నీళ్ళలో వేస్తే పోతోంది, మళ్ళీ మర్నాటికి తయారు."

ఐదువేళ్ళ గుర్తులు. కుడిభుజం మీద, వెనకనుంచి వేసినట్టు. సానాయన చొక్కా లాక్కుని తనే ఉతుక్కున్నాడు. ఆ రోజు నుంచి తన చొక్కాలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళకి మా ఆయనకి బుద్ధొచ్చిందని భార్య పక్కింటావిడతో చెప్పుకుంది.

ఇక ఉండబట్టలేక పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి సగమే చెప్పాడు.

"అయ్యగారూ, మూడింటికి ఎవరో నా భుజం మీద చెయ్యి వేస్తున్నారు. చూస్తే ఎవరూ ఉండట్లేదు."

పాస్టరు గారి ముఖం వెలిగిపోయింది. "బ్రదర్! ప్రభువు హస్తం! పదకొండేళ్ళ నమ్మకత్వానికి జవాబు! ఈ ఆదివారం సాక్ష్యం చెప్పాలి మీరు."

"వద్దయ్యగారూ. దయచేసి ఎవరికీ చెప్పకండి."

"చూశారా, ఎంత తగ్గింపు స్వభావమో!" అన్నారాయన పక్కనున్న సంఘపెద్దతో. సానాయన తల పట్టుకుని ఇంటికొచ్చాడు.

అతనికి తెలిసిన మందు ఒక్కటే, ఇంకాస్త ఎక్కువ చెయ్యడం. ఉపవాసాలు మొదలుపెట్టాడు, మొదట వారానికి ఒకటి, తర్వాత మూడు. తెల్లవారుజామున లేచి ఇంట్లో మోకరించేవాడు. మోకాళ్ళు కాయలు కాశాయి, బుగ్గలు లోపలికి పోయాయి. ఎంత ఎక్కువ చేస్తే ఆ చెయ్యి అంత బరువెక్కింది. మొదట్లో మూడింటికి పడి కాసేపటికి తేలికయ్యేది, ఇప్పుడు నాలుగింటిదాకా కదలడం లేదు. కొన్నిసార్లు సన్నగా వణికేది. ఆ వణుకే అతన్ని అన్నిటికంటే భయపెట్టింది. కోపంగా ఉన్న చెయ్యి అలా వణకదు. ఏదో చెప్పాలని నోరు రానివాళ్ళు మన చొక్కా పట్టుకుని ఊపుతారే, అలా ఉంది.

పని కూడా పాడైంది. కొన్ని అద్దాలకి ఒక దిక్కు ఉంటుంది. వాటి మీద సిరాతో మూడు చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కల గీత అడ్డంగా పెట్టాలో నిలువుగా పెట్టాలో చూసుకుని మరీ అరగదీయాలి. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ తప్పని మనిషి ఒక పెద్దాయన అద్దాన్ని అడ్డం బదులు నిలువుకి కోసేశాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. "నేలంతా ఒరిగిపోయినట్టుందయ్యా!" అని ఒకటే కేకలు. యజమాని క్షమాపణ చెప్పి పంపించి, వెనకగదిలోకి వచ్చి, "నీకేమైంది?" అని అడిగాడు. నెమ్మదిగానే అడిగాడు. సానాయన ఇంకో అద్దం తీసి సానకి ఆనించాడు.

అదే వారం గురువారం పొద్దున మిషనత్తయ్య కూతురు షాపుకి వచ్చింది. చేతిలో చుట్టిన ఖాకీ కాగితం ఉంది. బల్ల మీద పరిచింది. బట్టలు కత్తిరించే ముందు గీసుకునే సుద్దతో జానెడెత్తు అక్షరాలు, ఒక్కో వంపూ శ్రద్ధగా దిద్ది రాసి ఉన్నాయి. నేనొచ్చాను.

"శనివారం రాయి చెక్కుతారట అన్నయ్యా. అక్షరాలు కాగితం మీద రాసి ఇవ్వమన్నారు. అమ్మ పేరు, తేదీలు ఎవరికైనా ఉంటాయి కదా, కింద ఇది పెట్టిద్దామనుకున్నా. విన్నది నువ్వొక్కడివే. ఒకసారి చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పు."

సానాయన చూశాడు.

"బాగుందమ్మా" అన్నాడు.

అది రెండో అబద్ధం. మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది, అందుకు అతనికే భయం వేసింది. ఆ అమ్మాయి కాగితం జాగ్రత్తగా చుట్టుకుని, "ఆ మాటే లేకపోతే నేను ఏమైపోయేదాన్నో" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం రెండింటికి మోకరించాడు. పేర్లు చదవలేదు. మూడు కొట్టింది, చెయ్యి పడింది. ఈసారి పడిన బరువుకి అతని నుదురు వెళ్ళి గోడకి ఆనింది. సరిగ్గా అత్తయ్య తల ఆనిన చోటు. సున్నం చల్లగా తగిలింది.

"ప్రభువా, నేను మాట వినకుండా లేచాను" అన్నాడు పైకి. "చెయ్యి బరువుగా ఉందని తెలిసి కూడా లేచాను. తల తిప్పి ఉంటే చూసేవాణ్ణి. మాట వినకపోతే లేవకూడదన్న నియమం వదిలేసి, తల తిప్పకూడదన్న నియమం పట్టుకున్నాను. తర్వాత ఆ పిల్లకి అబద్ధం చెప్పాను. నిన్న మళ్ళీ చెప్పాను. నన్ను క్షమించు."

ఏడేళ్ళ తర్వాత అతని నోటినుంచి వచ్చిన మొదటి ప్రార్థన అది. మాటలు తడబడ్డాయి, ముక్కు కారింది. ఇక చెయ్యి తేలిపోతుందని ఎదురుచూశాడు. తేలిపోలేదు. వేళ్ళు ఇంకాస్త బిగిశాయి. అప్పుడు అర్థమైంది. దేవుడికి ఆ సంగతి మొదటిరోజే తెలుసు. తెలియనిది వీధి మలుపులో మిషను తొక్కుకుంటున్న ఆ అమ్మాయికి. ఇక్కడినుంచి ఆ కొట్టు మూడువందల అడుగుల దూరం. ఈ నెలరోజుల్లో ఇక్కడ మోకరించిన గంటలన్నీ ఆ మూడువందల అడుగులు నడవకుండా ఉండటానికే.

గడియారం మూడుంబావు చూపిస్తోంది. తర్వాతి మనిషి రాలేదు, ఎవరూ మాట చెప్పలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి సానాయన తన గంట మధ్యలో లేచాడు. అతనితోపాటే చెయ్యి కూడా లేచింది. భుజం వదల్లేదు.

వీధిలోకి వచ్చాడు. పట్టపగలు, మాడుపగిలే ఎండ. నీడ కాళ్ళ ముందు పడుతోంది, ఒక్కటే నీడ. కానీ ఆ నీడకి కుడిభుజం కిందికి కుంగి ఉంది. వెనక అడుగుల చప్పుడు లేదు. ముసలివాళ్ళు పట్టుకుని నడిస్తే మనం ఎలా నెమ్మదిస్తామో అలా అతని నడక దానంతటదే నెమ్మదించింది. మలుపు దగ్గర పడుకున్న కుక్క తలెత్తి చూసి, లేచి, గోడవారగా జరిగి దారిచ్చింది. సైకిలు రిపేరు చేసే అతను ట్యూబు నీళ్ళలో ముంచుతూ, "ఏంటి సానాయనా, ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నావు? మెడ పట్టిందా?" అన్నాడు. సానాయన చెయ్యి ఊపి ముందుకి నడిచాడు. ఆగితే కూలబడిపోతానేమోనని భయం.

కొట్లో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. ఎదురుగా తల్లి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి ఆనించి ఆ ఖాకీ కాగితం.

"రా అన్నయ్యా. ఇది నీ ప్రార్థన టైము కదా?"

"అత్తయ్య ఆ మాట అనలేదమ్మా."

మిషను ఆగింది.

"చెయ్యి మాత్రమే వేసింది. మాట రాలేదు. గొంతులో ఏదో గరగరమంది. నేను ఆగలేదు. షాపులో తొందర పని ఉందని లేచి వెళ్ళిపోయాను. తల కూడా తిప్పలేదు. అందరిముందూ నువ్వడిగితే అబద్ధం చెప్పాను. నిన్న కాగితం చూసి మళ్ళీ చెప్పాను."

ఆ అమ్మాయి సూది కింద ఉన్న గుడ్డని లాగి పక్కన పెట్టింది. తర్వాత లేచింది.

"నెలరోజులు. ఈ నెలరోజులూ పొద్దున లేస్తే ఆ మాటే అనుకుని లేచాను, తెలుసా నీకు? పో. పో ఇక్కణ్ణించి."

అతను తిరిగాడు. భుజం మీద బరువు అలాగే ఉంది. గడప దాటబోతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"ఆగు. నువ్వు ఆగి ఉంటే అమ్మ బతికేదా?"

"తెలీదమ్మా. బతికేదేమో."

ఆ అమ్మాయి తల్లి మిషను దగ్గర స్టూలు మీద కూలబడింది. "ఆ రోజు పొద్దున అమ్మ సూదిలో దారం ఎక్కించలేకపోయింది" అంది, అతనితో కాదు, తనలో తను అనుకున్నట్టు. "నాలుగుసార్లు తప్పింది. ముసలిదానివైపోయావే అని నవ్వాను. మధ్యాహ్నం మాట ముద్దముద్దగా వస్తుంటే, పళ్ళసెట్టు సరిగ్గా పెట్టుకోలేదనుకున్నా. ఇవాళ ఒక్కరోజు మానెయ్యమని అనబోయి, చెప్తే వింటుందా అని ఊరుకున్నా. నేనే పంపించాను." ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అడిగింది. "చెయ్యి వేసిందన్నావు. అది నిజమేనా?"

"అది నిజం."

"ఏ భుజం?"

అతను కుడిభుజం చూపించాడు. ఆ అమ్మాయి లేచి వచ్చి, వెనక నిలబడి, అక్కడ చెయ్యి పెట్టింది. సూదిపోట్లకి గరుకెక్కిన వేళ్ళు, కానీ వెచ్చగా ఉన్నాయి. ఆ అరచెయ్యి తగిలిన క్షణాన దాని కింద ఉన్న బరువు మాయమైంది. ఎటు పోయిందో తెలియలేదు. ఆ అమ్మాయి అలాగే, అమ్మని పట్టుకున్నట్టు పట్టుకుని, బొటబొటా కన్నీళ్ళు కార్చింది. సానాయన కదలకుండా నిలబడ్డాడు. క్షమించానని ఆ అమ్మాయి అనలేదు, అతను అడగలేదు. నాలుగు దాటాక ఎప్పుడో చెయ్యి తీసి, ఖాకీ కాగితాన్ని మడిచి డ్రాయరులో పెట్టి, "ఇక వెళ్ళు" అంది.

గది గుర్తొచ్చి సానాయన పరుగెత్తాడు. పదకొండేళ్ళుగా తను తెగనివ్వని గొలుసు ఇవాళ తన చేతుల మీదుగానే తెగింది. మందిరం చేరేసరికి నాలుగూ పది. తలుపు సందులోంచి చూస్తే కాంపౌండరు గారు అప్పటికే మోకరించి ఉన్నారు. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి మెట్ల మీద కూర్చున్నాడు. సంఘానికి ఎలా చెప్పాలో, పాస్టరు గారి ముఖం ఎలా చూడాలో ఆలోచిస్తూ ఐదయ్యేదాకా కదల్లేదు.

ఐదింటి మనిషి లోపలికి వెళ్ళాక కాంపౌండరు గారు బయటికొచ్చి, కాలితో చెప్పులు వెతుక్కుంటూ అతన్ని చూశారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? ఏమయ్యా, అసలు నువ్వు తిండి తింటున్నావా?"

"ఏమండీ?"

"ఏమండీ ఏంటి? చెయ్యి వేస్తే ఒట్టి ఎముక తగిలింది. మనిషివి సగమైపోయావు. ఉపవాసాలు చాలించు."

సానాయన గది తలుపు వైపు చూశాడు. "మీరు వచ్చేసరికి గదిలో ఎవరైనా ఉన్నారా?"

"ఉండక? ఎండలోంచి వచ్చిన కళ్ళకి అంతా నీడలా ఉంది గానీ, గోడకి తల ఆనించి మోకరించి ఉన్నావుగా. నాలుగు కొట్టగానే చెయ్యి వేసి నేనొచ్చాను అన్నాను. ఈ మధ్య కాస్త గట్టిగానే అంటున్నాలే. ఆ రోజు నేనొచ్చి ఉంటే అత్తయ్య అంతసేపు అలా..." ఆయన గొంతు సవరించుకున్నారు. "రోజూ మనసులో అదే పీకుతూ ఉంటుంది."

"మీరు ఆ మాట అన్నాక లేచారా?"

"లేవకేం? ఒక పెద్ద నిట్టూర్పు వదిలి, నా పక్కనుంచే వెళ్ళిపోయావు. నువ్వు ఏం చేశావో నన్నడుగుతావేంటి?"

"అది నేను కాదండీ. మూడుంబావుకే నేను గది వదిలి వెళ్ళిపోయాను. నాలుగింటికి నేను మిషనత్తయ్య కూతురి కొట్లో ఉన్నాను."

కాంపౌండరు గారి కాలు చెప్పులోకి సగం దూరి ఆగిపోయింది. ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకుని, మెల్లగా మెట్ల మీద కూర్చుండిపోయారు.

సానాయన లేచాడు. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. అత్తయ్య గంటలో మోకరించి, మాట విన్నాకే లేచి వెళ్ళిన మనిషి గురించి ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తియ్యకుండా ఆ అమ్మాయికి చెప్పాలి. నమ్మితే నమ్ముతుంది, లేకపోతే మళ్ళీ పొమ్మంటుంది. అతను వీధి మలుపు వైపు నడిచాడు.